వరుసలూ కాలమ్‌లూ: విండోలో విడ్జెట్లను దేనితో పేర్చాలి?

మూడు లేబుళ్ళు, మూడు ఎంట్రీ పెట్టెలు, కింద ఒక సేవ్ బటన్. పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడిగే చిన్న విండో. విండోలు తయారు చేసే టూల్‌కిట్లయిన టీకింటర్‌లోనో క్యూటీలోనో మొదటిసారి విండో తెరిచినవాళ్ళలో చాలామంది మొదలుపెట్టేది ఇలాంటి దానితోనే. మొదటి అడ్డంకి తగిలేదీ ఇక్కడే. ఒక్కో వరుసకు ఒక్కో ఫ్రేమ్ (ఇతర వస్తువులను పట్టి ఉంచే ఖాళీ పెట్టె) తీసుకుని, అందులో లేబుల్‌నూ ఎంట్రీనీ ఎడమ నుంచి ప్యాక్ చేసి, అంటే బారుగా పేర్చి, ఫ్రేములను ఒకదాని కింద ఒకటి పేరుస్తారు. ప్రోగ్రామ్ నడుస్తుంది. కానీ "పేరు" పక్కనున్న పెట్టె ఒక చోట మొదలవుతుంది. "చిరునామా" పక్కనది కాస్త కుడికి జరుగుతుంది, "ఫోన్ నంబరు" పక్కనది ఇంకాస్త. ఎడమ అంచులు మెట్లు కట్టినట్టు ఉంటాయి. అప్పుడు లేబుల్‌కు వెడల్పు 15 అని ఇచ్చి సర్దుతారు. కొన్నాళ్ళకు "ప్రత్యామ్నాయ ఫోన్ నంబరు" అనే వరుస చేర్చాల్సి వస్తుంది, ఆ 15 చాలదు.

కోడ్‌లో తప్పేమీ లేదు. వరుసలన్నీ ఒకే గీత మీద నిలబడాల్సిన చోట, పక్క వరుస సంగతి పట్టని పద్ధతిని వాడాం. టూల్‌కిట్ ఏదైనా, లేబుళ్ళు, ఎంట్రీలు, బటన్ల లాంటి విడ్జెట్లను పేర్చే దారులు ముఖ్యంగా నాలుగు: పెట్టెలో పెట్టె పెట్టుకుంటూ పోవడం, గళ్ళలో కూర్చోబెట్టడం, ఫారమ్‌ల కోసమే ఉన్న ప్రత్యేక అమరిక, ఇన్ని పిక్సెళ్ళ దగ్గర అని చోటు చెప్పడం. ఎక్కువమంది వాడే టీకింటర్, క్యూటీ, జీటీకేలను దగ్గర పెట్టుకుని వీటిని పోల్చుతాను.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఒక వరుసలోని అంచు ఇంకో వరుసలోని అంచుతో కలవాలా? కలవాలంటే గ్రిడ్, అంటే గళ్ళు. అక్కర్లేదంటే పెట్టెలు. ఆ తర్వాత రెండో ప్రశ్న: విండోను లాగి పెద్దది చేస్తే, మిగిలిన చోటు ఎవరికి? దీనికి జవాబు కాగితం మీద రాసుకున్నాకే కోడ్ మొదలుపెట్టండి. లేఅవుట్‌తో, అంటే ఈ అమరికతో, పడే తిప్పల్లో ఎక్కువ భాగం ఈ రెండో ప్రశ్నను వదిలేయడం వల్లే వస్తాయని నా అనుభవం.

పెట్టెలు: వరుసక్రమమే ప్రాణం

టీకింటర్‌లో ప్యాక్, క్యూటీలో హెచ్‌బాక్స్ (అడ్డం), వీబాక్స్ (నిలువు) లేఅవుట్లు, జీటీకేలో బాక్స్. మూడూ ఒక కుటుంబమే. విడ్జెట్లు ఒకే దిశలో బారుతీరతాయి. టూల్‌బార్, కింద ఉండే సరే, వద్దు బటన్ల జత, పైన మెనూ, మధ్యలో ఎడిటర్, అడుగున స్టేటస్ బార్... ఇలాంటి వాటికి పెట్టెలను మించినవి లేవు.

వీటిలో ప్యాక్ పనిచేసే తీరు కాస్త వేరు. అది తెలిస్తేనే దాన్ని నమ్మవచ్చు. ఒక కాగితం ముందు పెట్టుకుని, ప్యాక్ చేసిన ప్రతిసారీ దాని ఒక అంచు నుంచి ఒక పట్టీ కోసి ఆ విడ్జెట్‌కు ఇచ్చేస్తున్నట్టు ఊహించుకోండి. పై అంచు నుంచి ఒక పట్టీ, ఎడమ నుంచి ఒకటి, తర్వాత వచ్చేవాళ్ళకు మిగిలిన ముక్క. కాగితం చిన్నదైతే చివర వచ్చినవాళ్ళకు ఏమీ మిగలదు.

ఇది కళ్ళారా చూడాలంటే ఒక టెక్స్ట్ విడ్జెట్‌ను ఎడమ వైపున, రెండు దిశల్లోనూ నిండేలా, పెరిగేలా ప్యాక్ చేసి, ఆ తర్వాత స్క్రోల్‌బార్‌ను కుడి వైపున ప్యాక్ చేయండి. విండో తెరుచుకున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఇప్పుడు విండో మూలను పట్టుకుని మెల్లగా లోపలికి తోయండి. మొదట నలిగేది స్క్రోల్‌బారే. టెక్స్ట్ విడ్జెట్ మామూలుగా 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు అడుగుతుంది, ముందు వచ్చింది కాబట్టి దాని వాటా దానికి దక్కుతుంది. స్క్రోల్‌బార్ సన్నబడి, చివరికి కనుమరుగవుతుంది. రెండు వాక్యాల వరుస మార్చి స్క్రోల్‌బార్‌ను ముందు ప్యాక్ చేస్తే చాలు, అది చివరిదాకా కదలకుండా ఉంటుంది. స్టేటస్ బార్‌కూ ఇదే సూత్రం: మధ్యలో పెరిగే పెద్ద విడ్జెట్‌ను ఎప్పుడూ ఆఖరున ప్యాక్ చేయండి.

ప్యాక్‌లో ఫిల్, ఎక్స్‌పాండ్ అనే రెండింటినీ కలిపేసుకునేవాళ్ళు చాలామంది. ఎక్స్‌పాండ్ అంటే మిగులు చోటులో నాకూ వాటా కావాలని అడగడం. ఫిల్ అంటే దక్కిన వాటా నిండా పరుచుకోవడం. ఎక్స్‌పాండ్ ఇచ్చి ఫిల్ ఇవ్వకపోతే బటన్ పెద్ద ఖాళీ స్థలం మధ్యలో చిన్నగా నిలబడుతుంది.

పెట్టెల బలహీనత ఒకటే, కానీ అది పెద్దది. ఒక పెట్టెకు పక్క పెట్టె లోపల ఏముందో తెలియదు. మొదట్లో చెప్పిన మెట్ల సమస్య అందుకే వచ్చింది.

గ్రిడ్: గళ్ళ కాగితం

గ్రిడ్‌లో కాలమ్ వెడల్పును ఆ కాలమ్‌లో అన్నిటికంటే వెడల్పైన విడ్జెట్ నిర్ణయిస్తుంది. "ప్రత్యామ్నాయ ఫోన్ నంబరు" అనే లేబుల్ వచ్చి చేరితే మొదటి కాలమ్ దానంతటదే పెరుగుతుంది, ఎంట్రీలన్నీ కలిసి కుడికి జరుగుతాయి. మనం ఏ అంకె మార్చనక్కర్లేదు. గ్రిడ్‌ను ఎంచుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

టీకింటర్‌లో గ్రిడ్ వాడేటప్పుడు మూడు సంగతులు చేతికి వస్తే మిగతాదంతా తేలిక: స్టికీ, వెయిట్, స్పాన్.

స్టికీ అంటే గడిలో విడ్జెట్ ఏ గోడలకు అంటుకోవాలో చెప్పడం. ఎన్, ఎస్, ఈ, డబ్ల్యూ అనే నాలుగు అక్షరాలు ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమరలు. ఏమీ ఇవ్వకపోతే విడ్జెట్ గడి మధ్యలో తన సహజమైన కొలతతో కూర్చుంటుంది. ఒక్క తూర్పు ఇస్తే కుడి గోడకు చేరుతుంది; లేబుళ్ళను ఎంట్రీలకు దగ్గరగా చేర్చడానికి ఇది బాగుంటుంది. తూర్పు, పడమర రెండూ ఇస్తే రెండు గోడలనూ పట్టుకోవాలి కాబట్టి సాగుతుంది. ఎంట్రీలకు కావాల్సింది ఇదే.

వెయిట్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. స్టికీ ఇచ్చాం కదా, విండో లాగితే ఎంట్రీ పెరగాలి కదా, పెరగదేం? స్టికీ గడిలోపల సాగదీస్తుంది, గడే పెరగకపోతే విడ్జెట్ ఎక్కడికని సాగుతుంది? గడి పెరగాలంటే ఆ కాలమ్‌కు వెయిట్ ఇవ్వాలి. టీకింటర్‌లో ఇవ్వకపోతే అది సున్నా. అన్ని కాలమ్‌లకూ సున్నా ఉంటే గ్రిడ్ మొత్తం విండో పై ఎడమ మూలలో ముడుచుకుని ఉంటుంది, మిగతా చోటు ఖాళీగా పడి ఉంటుంది. ఎంట్రీ ఉన్న కాలమ్‌కు కాలమ్‌కాన్ఫిగర్‌తో వెయిట్ 1 ఇవ్వండి. ఫారమ్ ఒక ఫ్రేమ్‌లో ఉంటే, ఆ ఫ్రేమ్ ఉన్న అసలు విండోలోని కాలమ్‌కు కూడా వెయిట్ ఇవ్వండి, ఫ్రేమ్‌కు స్టికీ ఇవ్వండి. గొలుసులో ఒక్క లంకె తెగినా పెరుగుదల అక్కడే ఆగిపోతుంది. "వెయిట్ ఇచ్చాను, అయినా పనిచేయట్లేదు" అని ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఆ పై లంకెనే.

వెయిట్‌ను అంకెల్లో ఒకసారి చూద్దాం. లేబుల్ కాలమ్ సహజ వెడల్పు 120 పిక్సెళ్ళు, ఎంట్రీ కాలమ్‌ది 200 అనుకోండి. మొత్తం 320. విండోను 520కి లాగాం, 200 మిగిలింది. వెయిట్లు 1, 3 ఇచ్చి ఉంటే కాలమ్‌లు 130, 390 అవుతాయని అనిపిస్తుంది. కావు. టీకింటర్ పంచేది మిగిలిన 200ను మాత్రమే: 50, 150. కాబట్టి 170, 350 వస్తాయి. నిజంగా ఒకటికి మూడు నిష్పత్తి కావాలంటే రెండు కాలమ్‌లనూ ఒక గుంపుగా కట్టే యూనిఫామ్‌కు ఒకే పేరు పెట్టాలి. అప్పుడు మొత్తం వెడల్పే వెయిట్ల ప్రకారం 130, 390గా విడిపోతుంది.

క్యూటీలో లెక్క వేరు. అక్కడ వెయిట్ స్థానంలో ఉండే స్ట్రెచ్ అంకెలు మొత్తం వెడల్పునే దామాషాగా పంచుతాయి, ఎవరి కనీస కొలత వాళ్ళకు దక్కేలా చూస్తూ. అవే 1, 3 క్యూటీలో ఇస్తే గడుల మధ్య ఖాళీని పక్కన పెడితే 130, 390 దగ్గరే వస్తాయి. ఒక టూల్‌కిట్ నుంచి ఇంకో దానికి మారేవాళ్ళను ఈ తేడా గట్టిగా ఇబ్బంది పెడుతుంది. జీటీకే గ్రిడ్‌లో అసలు అంకెలే లేవు. అడ్డంగా పెరగమని చెప్పే హెచ్‌ఎక్స్‌పాండ్ ఉంటుంది, లేకపోతే ఉండదు, అంతే. నిష్పత్తి కావాలంటే కాలమ్‌లన్నీ సమానంగా ఉండాలని హోమోజీనియస్ ఆన్ చేసి, ఒక విడ్జెట్‌ను ఒక కాలమ్‌లో, ఇంకోదాన్ని మూడు కాలమ్‌లు పరిచి పెట్టాలి. తిరుగుడు దారిలా ఉన్నా బాగానే పనిచేస్తుంది.

విండో చిన్నదయ్యేటప్పుడు కూడా ప్యాక్ కంటే గ్రిడ్ పద్ధతిగా ఉంటుంది. ప్యాక్‌లో చివర వచ్చినది మాయమవుతుందని చూశాం. గ్రిడ్‌లో వెయిట్ ఉన్న కాలమ్‌లే తగ్గుతాయి, వెయిట్ సున్నా ఉన్నవి కదలవు. పెరిగే ఎంట్రీయే తరుగుతుంది, పక్కనున్న "వెతుకు" బటన్‌కు ఏమీ కాదు. మిన్‌సైజ్ (కనీస కొలత) ఇస్తే ఎంట్రీ కూడా అంతకంటే తగ్గదు.

ఇక స్పాన్, అంటే ఒకే విడ్జెట్‌ను ఒకటి కంటే ఎక్కువ గడుల మీద పరచడం. దీనికి కాలిక్యులేటర్ కంటే మంచి పాఠం లేదు. పైన అంకెలు కనిపించే పెట్టె, నాలుగు కాలమ్‌లు పరిచి. కింద 7, 8, 9, భాగహారం. 4, 5, 6, గుణకారం. 1, 2, 3, తీసివేత. ఆఖరి వరుసలో సున్నా రెండు కాలమ్‌లు, తర్వాత చుక్క, కూడిక. కాలమ్‌లన్నిటికీ ఒకే వెయిట్, ఒకే యూనిఫామ్. బటన్ల వరుసలకూ అంతే. బటన్లన్నిటికీ నాలుగు దిక్కుల స్టికీ. విండో ఎంత లాగినా బటన్లన్నీ ఒకే తీరున పెరుగుతాయి. ఇదే పని పెట్టెలతో చేసి చూడండి: రెండు కాలమ్‌ల సున్నా కింది వరుసలో కచ్చితంగా 1, 2 బటన్ల కింద సరిపోవడానికి ఎంత పెనుగులాడాలో తెలుస్తుంది.

ఇంకొక చిన్న ఉపాయం. టీకింటర్ గ్రిడ్‌లో విడ్జెట్ లేని వరుస చోటు తీసుకోదు. అందుకని వరుసలకు 0, 1, 2 అని కాకుండా 10, 20, 30 అని నంబర్లు ఇచ్చుకోవచ్చు. మధ్యలో కొత్త వరుస వస్తే 15 అంటే చాలు, కింద ఉన్నవాటి నంబర్లన్నీ మార్చే పని తప్పుతుంది.

ఒకే గ్రిడ్, మూడు అలవాట్లు

పేరు గ్రిడ్ అనే ఉన్నా మూడు టూల్‌కిట్లలో అలవాట్లు వేరు. ఇవి ముందే తెలిస్తే గంటలు మిగులుతాయి.

వెడల్పైన గడిలో ఒక బటన్ పెట్టి, ఇంకేమీ చెప్పకుండా వదిలేయండి. టీకింటర్‌లో అది తన కొలతతో మధ్యలో నిలబడుతుంది. జీటీకేలో గడి నిండా పరుచుకుంటుంది, ఎందుకంటే అక్కడ అడ్డం, నిలువు అమరిక చెప్పే హెచ్‌అలైన్, వీఅలైన్ రెండూ మొదటి నుంచీ ఫిల్ మీదే ఉంటాయి. క్యూటీలో అడ్డంగా సాగుతుంది, నిలువుగా మాత్రం సాగదు. ప్రతి విడ్జెట్‌కూ ఎంత సాగవచ్చో చెప్పే ఒక సైజ్ పాలసీ ఉండటం, బటన్‌కు నిలువు పాలసీ ఫిక్స్‌డ్ కావడం దీనికి కారణం.

ఈ సైజ్ పాలసీల వల్లే క్యూటీలో మన మూడు వరుసల ఫారమ్ స్ట్రెచ్ ఏమీ ఇవ్వకుండానే అడ్డంగా సరిగ్గా పెరుగుతుంది. క్యూటీలో ఎంట్రీ పెట్టె అయిన లైన్ఎడిట్ స్వభావమే ఎక్స్‌పాండింగ్; మిగిలిన చోటును అది తీసేసుకుంటుంది, లేబుల్ ఊరుకుంటుంది. నిలువుగా మాత్రం అంత బాగుండదు. విండోను కిందికి లాగితే వరుసల మధ్య ఖాళీ పెరిగి ఫారమ్ అంతా చెల్లాచెదురుగా కనిపిస్తుంది. ఆఖరి వరుస తర్వాత ఏమీ లేని వరుస నంబరుకు రోస్ట్రెచ్ 1 ఇవ్వండి. మిగులంతా అడుగున చేరి, ఫారమ్ పైన కుదురుగా ఉంటుంది.

క్యూటీలో యాడ్‌విడ్జెట్‌కు ముందు వరుస, తర్వాత కాలమ్ ఇస్తాం. జీటీకే గ్రిడ్ అటాచ్‌కు ముందు కాలమ్, తర్వాత వరుస. ఆ తర్వాత వెడల్పు, ఎత్తు. రెండింటిలోనూ పనిచేసేవాళ్ళు ఇక్కడ తడబడటం సహజం. ఫారమ్ అంతా పక్కకు పడుకున్నట్టు, లేబుళ్ళన్నీ పై వరుసలో, ఎంట్రీలన్నీ కింది వరుసలో కనిపిస్తే, కారణం ఇదే. టీకింటర్‌లో రో, కాలమ్ అని పేర్లు పెట్టి ఇస్తాం కాబట్టి ఆ బాధ లేదు.

జీటీకే పాత ఉదాహరణలు చూసి రాసేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. పాత టేబుల్ విడ్జెట్‌లో అటాచ్‌కు ఎడమ, కుడి, పై, కింది గీతల నంబర్లు ఇచ్చేవాళ్ళు. గ్రిడ్‌లో కుడి గీత బదులు వెడల్పు, కింది గీత బదులు ఎత్తు ఇవ్వాలి. టేబుల్ జీటీకే 4లో లేనే లేదు. 

జీటీకే ఎక్స్‌పాండ్‌కు ఇంకో గుణం ఉంది: అది పైకి పాకుతుంది. లోపలెక్కడో ఒక ఎంట్రీకి హెచ్‌ఎక్స్‌పాండ్ ఇస్తే, దాన్ని మోస్తున్న గ్రిడ్, ఆ గ్రిడ్‌ను మోస్తున్న పెట్టె కూడా పెరగడానికి సిద్ధమవుతాయి. టీకింటర్‌లో గొలుసు లంకెలు మనం కలపాలి. ఇక్కడ అవే కలుస్తాయి. వద్దనుకున్న చోట ఆ పెట్టెకు హెచ్‌ఎక్స్‌పాండ్ వద్దని విడిగా చెప్పి ఆపాలి.

ఫారమ్ లేఅవుట్ ఎప్పుడు?

క్యూటీ వాడేవాళ్ళకు గ్రిడ్ కంటే ముందు చూడాల్సినది ఒకటుంది: ఫారమ్ లేఅవుట్. 2008లో క్యూటీ 4.4తో వచ్చింది. ఎడమ లేబుల్, కుడి ఫీల్డ్, అంతే దాని ప్రపంచం. యాడ్‌రోకు లేబుల్ మాటను, ఫీల్డ్‌ను ఇస్తే లేబుల్‌ను అదే తయారు చేసి, షార్ట్‌కట్ అక్షరం నొక్కితే ఫీల్డ్‌లోకి కర్సర్ వెళ్ళేలా ఆ రెండింటినీ జత కడుతుంది. గ్రిడ్‌లో ఈ జత మనమే కట్టాలి, చాలామంది కట్టరు.

దీని అసలు విలువ వేరే చోట ఉంది. మ్యాక్‌లో లేబుళ్ళు కుడి వైపుకు చేరి ఉంటాయి, ఫీల్డులు తమ సహజ వెడల్పులోనే ఉంటాయి. విండోస్‌లో లేబుళ్ళు ఎడమకు, ఫీల్డులు సాగుతాయి. ఏ వేదిక మీద నడిస్తే ఆ వేదిక అలవాటును ఫారమ్ లేఅవుట్ తీసుకుంటుంది. గ్రిడ్‌తో ఇది సాధించాలంటే రెండు రకాల కోడ్ రాయాలి. లేబుల్ పొడవైతే ఫీల్డ్‌ను కింది లైనులోకి దించే ఏర్పాటు కూడా ఉంది. క్యూటీ 6.4 నుంచి సెట్‌రోవిజిబుల్‌తో లేబుల్‌నూ ఫీల్డ్‌నూ ఒకేసారి దాచేయవచ్చు.

అయితే వరుసలో మూడో వస్తువు రాగానే, అంటే ఫీల్డ్ పక్కన "బ్రౌజ్" బటన్ లాంటిది, ఆలోచించాలి. ఒక్క వరుసలోనే ఉంటే ఫీల్డ్ స్థానంలో ఒక హెచ్‌బాక్స్ పెట్టి గడిపేయవచ్చు. మూడు నాలుగు వరుసల్లో ఉండి, ఆ బటన్లన్నీ ఒకే గీత మీద ఉండాలంటే గ్రిడ్‌కు మారిపోండి. నేనైతే సెట్టింగుల విండోలన్నీ ఫారమ్ లేఅవుట్‌తోనే మొదలుపెడతాను.

పిక్సెళ్ళ లెక్క

టీకింటర్‌లో ప్లేస్, జీటీకేలో ఫిక్స్‌డ్, క్యూటీలో మూవ్, సెట్‌జామెట్రీ. క్యూటీ డిజైనర్‌లో విడ్జెట్లను లాగి వదిలి, పైన లేఅవుట్ పెట్టడం మరిచిపోయినా అదీ ఈ కోవలోకే వస్తుంది.

ఒకసారి పద్నాలుగు ఫీల్డుల ఎంట్రీ విండో ఒకటి నా చేతికి వచ్చింది. అన్నీ ప్లేస్‌తోనే, ప్రతిదానికీ ఎక్స్, వై. రాసినాయన తెర మీద చాలా అందంగా ఉండేది. వాడేవాళ్ళలో ఒకరు కంటికి ఆనడం లేదని అక్షరాల సైజు పెంచుకున్నారు. లేబుళ్ళు ఎంట్రీల కిందికి దూరాయి, చివరి రెండు ఫీల్డులు సగం తెగిపోయాయి. దాన్ని సరిచేయడానికి ఆ అంకెలు మార్చడం కంటే మొత్తం గ్రిడ్‌లో తిరిగి రాయడమే త్వరగా అయింది.

మన భాషలో విండోలు చేసేవాళ్ళకు ఇది ఇంకా దగ్గరి సంగతి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా ఎత్తు బిగించిన లేబుల్‌లో "రాష్ట్రం" అని రాసి చూడండి, కింది ఒత్తు తెగిపోతుంది. గ్రిడ్ అయినా పెట్టె అయినా ఫాంటును అడిగి ఎత్తు తెలుసుకుంటాయి కాబట్టి ఒత్తు ఒత్తుగానే ఉంటుంది. అనువాదంలో మాటల పొడవు మారినా అంతే.

ప్లేస్‌కు తగిన పని కూడా ఉంది. ఒక చిత్రం మీద చిన్న గుర్తు అతికించాలన్నా, జాబితా మధ్యలో "లోడ్ అవుతోంది" అని చూపించాలన్నా అదే సరైనది. రెల్‌ఎక్స్ 0.5, రెల్‌వై 0.5, యాంకర్ సెంటర్ ఇస్తే విండో ఏ సైజులో ఉన్నా మధ్యలోనే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పెట్టడం ప్లేస్ పని, పక్కపక్కన పెట్టడం కాదు.

వరుసలూ కాలమ్‌లూ ఉన్నంత మాత్రాన గ్రిడ్ కాదు

విద్యార్థుల మార్కుల జాబితా చూపించాలి. వరుసలున్నాయి, కాలమ్‌లున్నాయి కదా అని లేబుళ్ళను గ్రిడ్‌లో పేరుస్తారు. 20 వరుసలకు బాగుంటుంది. 1,000 వరుసలు, 5 కాలమ్‌లు అంటే 5,000 విడ్జెట్లు. ఒక్కోటీ కొలత అడగాలి, ఒక్కోటీ గీయాలి. విండో తెరవడానికే బద్ధకిస్తుంది, స్క్రోల్ చేస్తే ఈడ్చుకుంటుంది.

గ్రిడ్ ఉన్నది మనిషి నొక్కే, నింపే వస్తువులను పేర్చడానికి. డేటా చూపించడానికి వేరే విడ్జెట్లు ఉన్నాయి: టీకింటర్‌లో ట్రీవ్యూ, క్యూటీలో టేబుల్‌వ్యూ, జీటీకే 4లో కాలమ్‌వ్యూ. వీటిలో గడికొక విడ్జెట్ ఉండదు. క్యూటీ టేబుల్‌వ్యూ కనిపించే గడులను మాత్రమే గీస్తుంది, జీటీకే కాలమ్‌వ్యూ స్క్రోల్ అయ్యేకొద్దీ కొన్ని విడ్జెట్లనే మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. వరుసల సంఖ్య ముందే తెలియదనుకుంటే సందేహించకుండా వీటి వైపు వెళ్ళండి.

ఫొటోల చిన్న బొమ్మల్లాగా, విండో వెడల్పును బట్టి వరుసకు ఎన్ని పడితే అన్ని పట్టాలంటే గ్రిడ్ అస్సలు పనికిరాదు, ఎందుకంటే దానికి కాలమ్‌లు మనమే చెప్పాలి. జీటీకేలో దీనికి ఫ్లోబాక్స్ ఉంది. క్యూటీలో తయారుగా లేదు, ఐకాన్ మోడ్‌లో పెట్టిన లిస్ట్‌వ్యూతో పని జరుగుతుంది. టీకింటర్‌లో విండో సైజు మారినప్పుడల్లా లెక్కేసి మళ్ళీ గ్రిడ్ చేయాలి.

ఎడమ జాబితాకు ఎంత, కుడి ఎడిటర్‌కు ఎంత అన్నది వాడేవాళ్ళే తేల్చుకోవాలనుకుంటే వెయిట్లతో కుస్తీ పట్టకండి. టీకింటర్‌లో ప్యాన్డ్‌విండో, క్యూటీలో స్ప్లిటర్, జీటీకేలో ప్యాన్డ్ వాడి గీతను వాళ్ళ చేతికి ఇచ్చేయండి.

కలిపి వాడటం

నిజమైన ప్రోగ్రామ్‌లో ఏదో ఒకటే వాడరు. నేను ఎప్పుడూ చేసేది ఇలా: విండో అస్థిపంజరం పెట్టెలతో. పైన టూల్‌బార్, అడుగున స్టేటస్, మధ్యలో పెరిగే ఫ్రేమ్. ఆ ఫ్రేమ్ లోపల ఫారమ్ ఉంటే గ్రిడ్. ఆ గ్రిడ్ ఆఖరి వరుసలో బటన్లు ఉంటే, అన్ని కాలమ్‌లూ పరిచిన ఒక ఫ్రేమ్, అందులో మళ్ళీ ప్యాక్. బటన్ల వెడల్పుకూ పైనున్న ఎంట్రీల వెడల్పుకూ సంబంధం లేదు కదా, వాటిని ఆ కాలమ్‌లకు కట్టేస్తే "సరే" బటన్ అనవసరంగా ఎంట్రీ అంత వెడల్పవుతుంది. 

టీకింటర్‌లో ఒక హద్దు దాటకూడదు. ఒకే ఫ్రేమ్‌లోని పిల్లల్లో కొన్నింటిని ప్యాక్, కొన్నింటిని గ్రిడ్ చేయకూడదు. పాత వెర్షన్లలో ఆ రెండూ ఒకదాని కొలతను ఇంకొకటి మారుస్తూ ఎడతెగని పేచీలో పడేవి, విండో రాకుండానే ప్రోగ్రామ్ బిగుసుకుపోయేది. టీకింటర్ వెనకుండి పనిచేసే టీకేలో, 2012 చివర్లో వచ్చిన 8.6 నుంచి వెంటనే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. వేర్వేరు ఫ్రేముల్లో అయితే ఎంత కలిపినా ఇబ్బంది లేదు. క్యూటీలో ఒక లేఅవుట్‌లోకి ఇంకో లేఅవుట్‌ను నేరుగా చేర్చవచ్చు, మధ్యలో ఫ్రేమ్ అక్కర్లేదు.

కొన్ని ఫీల్డులను దాచి, మళ్ళీ చూపించే అవసరం ఉంటే గ్రిడ్‌కే మొగ్గండి. గ్రిడ్‌రిమూవ్ చేసిన విడ్జెట్ తన వరుస, కాలమ్, స్టికీ అన్నీ గుర్తు పెట్టుకుంటుంది, మళ్ళీ గ్రిడ్ అని పిలిస్తే అక్కడికే వచ్చి కూర్చుంటుంది. గ్రిడ్‌ఫర్‌గెట్ చేస్తే ఏమీ గుర్తుండదు. ప్యాక్‌లో ఫర్‌గెట్ ఒక్కటే, తిరిగి ప్యాక్ చేస్తే మామూలుగా వరుసలో చివరికి వెళుతుంది.

ఎంపిక అయ్యాక, కోడ్ రాశాక, అమరిక ఎక్కడ తప్పిందో కనిపించకపోతే ఫ్రేములకు తాత్కాలికంగా ముదురు రంగులు వేయండి. టీకింటర్‌లోనే థీమ్‌ను బట్టి రూపం మార్చుకునే టీటీకే ఫ్రేములకు రంగు నేరుగా ఇవ్వలేం, స్టైల్ ద్వారా ఇవ్వాలి. ఆ కాసేపు మామూలు ఫ్రేములు వాడుకున్నా సరిపోతుంది. క్యూటీలో స్టైల్‌షీట్‌తో అంచు గీత, జీటీకే 4లో కంట్రోల్, షిఫ్ట్, డీ నొక్కితే తెరుచుకునే ఇన్‌స్పెక్టర్. పెరగాల్సింది విడ్జెట్టా, గడా, ఫ్రేమా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. రంగులతో కూడా దొరకని లోపం టీకింటర్‌లో ఒకటుంది: ఒకే గడిలో రెండు విడ్జెట్లు పెట్టినా అది ఏమీ అనదు, ఒకదాని మీద ఒకటి కూర్చోబెడుతుంది. ఒక బటన్ రాశారు, ఎర్రర్ లేదు, తెర మీద బటన్ మాత్రం లేదు అంటే ఆ వరుస, కాలమ్ నంబర్లతో గ్రిడ్‌స్లేవ్స్‌ను పిలవండి. జాబితాలో రెండు పేర్లు వస్తే మీ బటన్ అందులోని ఇంకో విడ్జెట్ అడుగున ఉంది.